లిసాండ్రో అట్టముక్కలు

నా చోటు లాక్కున్నవాడు లిసాండ్రో పెరోటి. అర్జెంటీనావాడు, రొసారియో అనే ఊరినుంచి వచ్చాడు. ఈ మాట నేను ఎక్కడైనా అంటాను, వాడి మొహం మీదైనా అంటాను. మా సంతలో మాత్రం అందరూ వాడి వైపే. ఆలివ్ కాయలమ్మే ఓనోఫ్రే నాకు చిన్నప్పటి స్నేహితుడు. వాడు కూడా నీ చేతులారా నువ్వే చేసుకున్నావు ఎవరిస్తో అని నా పేరు పెట్టి మరీ అంటాడు. అనేవాళ్ళకేం, వాళ్ళ చోట్లు వాళ్ళకున్నాయి. మొదట్నించీ చెప్తాను, తప్పెవరిదో చదివేవాళ్ళే తేల్చండి.

మాది స్పెయిన్ దక్షిణాన కాదిస్ జిల్లాలో కొండ మీది ఊరు. గురువారం గురువారం చర్చి వెనక వీధిలో సంత. రొట్టెల దుకాణం సందులోంచి దిగేవాళ్ళకు ఫౌంటెన్ పక్కన మొట్టమొదట కనిపించే బల్ల మాది. మా నాన్న సంపాదించిన చోటు అది. పదకొండో ఏట బడి మానిపించి నన్ను ఆ బల్ల వెనక నిలబెట్టాడు. ఇప్పుడు నాకు యాభై మూడు. నేను చూసిన లోకం ఆ మూలనుంచి కనిపించినంతే, దాని గురించి నాకు బెంగ కూడా లేదు. మూల నాది అని ఉండేది.

మేం అమ్మేది గుడ్డలు. వంటింటి మసిగుడ్డలు, గిన్నెలు తుడిచేవి, అద్దాలు తుడిచేవి, అన్నిటికన్నా ఎక్కువగా నేలగుడ్డలు. బూడిద రంగు ముతక నూలు, అంచుకి నారింజ దారం కుట్టు. మా వైపు దాన్ని అల్హొఫీఫా అంటారు. ఎప్పుడో మా నేలనేలిన అరబ్బులు వదిలిపోయిన మాటట, బడి పంతులమ్మ చెప్పింది. మా అమ్మ మోకాళ్ళ మీద కూర్చుని ఆ గుడ్డతోనే ఇల్లంతా తుడిచేది. కర్ర తగిలించిన తుడుపుగుడ్డలు ఎన్ని వచ్చినా మా ఊరి ఆడవాళ్ళు వీధి గడప మాత్రం ఇప్పటికీ చేత్తోనే తుడుస్తారు. కర్రతో తుడిస్తే పక్కింటావిడ చూస్తుంది. కాబట్టి మా వ్యాపారంలో తెలియాల్సింది అరవడం ఒకటే. నీళ్ళు తాగే అల్హొఫీఫాలమ్మా అని నేను అరిస్తే పైవీధిలో వాళ్ళు సంచీ తీసుకుని బయల్దేరేవారు.

నా పక్కన చెప్పులమ్మే ముసలావిడ ఉండేది. ఆవిడ పని మానుకున్నాక ఆ చోటు లిసాండ్రోకి వచ్చింది. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. కళ్ళజోడు మెళ్ళో దారానికి వేలాడుతుంది. నోరు తెరిచి ఒక్క కేక వేయడు. ఇలాంటివాడు సంతలో ఏం బతుకుతాడని జాలేసి మొదటి రోజు నా కాఫీ నేనే వాడి చేతిలో పెట్టాను. సెవిల్లాలో టోకు వ్యాపారి చిరునామా కూడా నేనే ఇచ్చాను. వంటింట్లో కట్టుకునే ఏప్రన్లు అమ్ముకుంటానన్నాడు. అమ్ముకో అన్నాను. కొన్నాళ్ళకి ఏప్రన్ పక్కన ఒక మసిగుడ్డ వచ్చింది. మసిగుడ్డ పక్కన అద్దాల గుడ్డ. దాని పక్కన, చెప్పాపెట్టకుండా, నారింజ దారం నేలగుడ్డ. తడిగుడ్డతో గొంతు కోసే రకమని అప్పటికైనా నాకు తెలియాల్సింది.

అసలు గొడవ యొర్లేని అనే పిల్ల దగ్గర మొదలైంది. మా ఊళ్ళో ముసలాళ్ళని చూసుకునేది ఇప్పుడు దాదాపు అంతా సముద్రం అవతలి దేశాల ఆడవాళ్ళే. ఈ పిల్లది కొలంబియా. ఒక గురువారం నా బల్ల ముందు నిలబడి ఒక లింపియోన్ ఇవ్వమంది. అలాంటి సరుకు మా దగ్గర లేదమ్మా అని నా కేక నేను వేసుకున్నాను. అది కదిలి పక్క బల్ల దగ్గరికి పోయింది. అక్కడా అదే అడిగింది.

"దాంతో ఏం చేస్తావు, రాణీ?" అన్నాడు లిసాండ్రో. వాడు డెబ్భై ఏళ్ళ ముసలమ్మని కూడా రాణీ అనే అంటాడు.

"గిన్నెలు తుడుస్తాను. వేడి కుండ దించుతాను."

"మా అమ్మ దాన్ని రెపసదోర్ అనేది. నీ మాటే బాగుంది. ఇంకోసారి అను."

అది అంది. వాడు ఒక అట్టపెట్టె మూత చింపి, నల్లటి పెన్నుతో లింపియోన్ అని రాసి, బల్ల మీద కట్టిన తాడుకి క్లిప్పు పెట్టి ఆ మసిగుడ్డల దొంతర మీద వేలాడదీశాడు. పిల్ల మూడు కొనుక్కుని, ఫోనుతో ఆ అట్టముక్కని ఫొటో తీసుకుని పోయింది. మరుసటి గురువారం తనలాంటివాళ్ళని వెంటబెట్టుకొచ్చింది.

అప్పట్నించి అదే వరస. వెనిజులా ఆవిడ వచ్చి నేలగుడ్డని కొలేతో అంటుంది, వాడు రాస్తాడు. పెరూ ఆవిడ గిన్నెలు ఆరబెట్టే గుడ్డని సెకడోర్ అంటుంది, వాడు రాస్తాడు. ఫార్మసీ వాళ్ళింట్లో పనిచేసే మెక్సికో ఆవిడ నేలగుడ్డకి హెర్గా అని చెప్పింది, అదీ రాశాడు. తాడు మీద అట్టలు పెరిగాయి. తూర్పుగాలి వీచిందంటే అవన్నీ టపటపమని ఒకదానికొకటి కొట్టుకుంటూ నా చెవి పక్కన చప్పట్లు కొట్టినట్టుండేవి.

అదే గుడ్డ, చూడండి. అదే టోకు వ్యాపారి, అదే మూట, అదే దారం. ధర కూడా అదే. నా బల్ల మీద ఉంటే గుడ్డ, వాడి బల్ల మీద ఉంటే వాళ్ళమ్మ. ఆడవాళ్ళు దాన్ని చేతుల్లోకి తీసుకుని వాసన చూడటం నా కళ్ళతో చూశాను. కొత్త గుడ్డకి వాసనేముంటుంది, గంజి తప్ప.

పైదేశాల వాళ్ళు పోతే పోయారు, మా ఊరి వాళ్ళు ఎక్కడికి పోతారులే అని నన్ను నేను సముదాయించుకున్నాను. లెయోకాదియా అని, మా నాన్న కాలంనుంచీ మా దగ్గరే కొనే ముసలావిడ ఉంది. నా బల్ల మీద మోచెయ్యి ఆనించి, నా గుడ్డల మీద తన సంచీ పెట్టి, నా తల మీదుగా వాడిని అడుగుతుంది, ఏం నాయనా, ఈ వారం ఏ కొత్త మాట వచ్చింది అని. వాడు చెప్తాడు, ఈవిడ నవ్వుతుంది. మా నాన్న మీదుగా అలా ఎవరైనా మాట్లాడి ఉంటే తెలిసేది. ఆ నవ్వు నాకు రావలసింది అనిపించేది. నలభై ఏళ్ళ పైన గొంతు చించుకుంటే నాకు చిల్లర చేతిలో పెట్టారు, అంతే. ఎవరూ నవ్వలేదు.

నేనూ అట్టలు రాశాను. ఎందుకు రాయకూడదు, మాటలు వాడి అబ్బ సొత్తా. వాడి తాడు చూసి పెద్ద అక్షరాలతో రాసి నా దొంతర్ల మీద పెట్టాను. తొందరలో హెర్గా అన్న అట్ట తీసుకెళ్ళి గిన్నెలు తుడిచే పల్చటి గుడ్డల మీద పెట్టాను. ఆ మెక్సికో ఆవిడే వచ్చింది, నా ఖర్మ. అట్ట చదివింది, గుడ్డ పైకెత్తింది.

"అన్నా, మా ఇంట్లో హెర్గాతో ప్లేట్లు తుడిస్తే మా అమ్మమ్మ ఆ ప్లేట్లు పారేసేది. అది నేలకి."

వరసంతా నవ్వింది. ఓనోఫ్రే అయితే ఆలివ్ పీపా పట్టుకుని వంగిపోయాడు. నవ్వనివాడు లిసాండ్రో ఒక్కడే. చప్పుడు చెయ్యకుండా వచ్చి, నా అట్ట తీసి, సరైన దొంతర మీద సరిగ్గా పెట్టి, వాడి బల్ల వెనక్కి వెళ్ళిపోయాడు. వాడు కూడా నవ్వి ఉంటే ఇంతగా మండేది కాదు. ఆ రోజే నా అట్టలన్నీ చింపి ఫౌంటెన్ తొట్టిలో పడేశాను.

ఇక మా ఆవిడ సంగతి. విసి మా వైపు మనిషి కాదు. ఎక్కడో ఉత్తరాన సమోరా దగ్గరి పల్లె. వాళ్ళ నాన్న సివిల్ గార్డు పోలీసు, బదిలీ మీద మా ఊరికి వచ్చాడు. పెళ్ళైన కొత్తలో మా అమ్మని వంటింట్లో ఒక రొదీయా ఇవ్వమని అడిగింది. వాళ్ళ వైపు మసిగుడ్డని అలా అంటారట. మా వైపు ఆ మాటకి మోకాలు తప్ప ఇంకో అర్థం లేదు. కోడలు పొయ్యి తుడవడానికి నా మోకాలు అడుగుతోందని మా అమ్మ వాడంతా చెప్పుకుని నవ్వింది, నేనూ నవ్వాను. నవ్వితే తప్పేముంది, కొత్త కోడలిని ఏడిపించని ఇల్లుందా. విసి ఆ మాట మానేసింది. మేం మర్చిపోయాం.

విసి సంతకి మధ్యాహ్నం వచ్చేది, నాకు రొట్టె, బంగాళాదుంపల ఆమ్లెట్ తీసుకుని. ఒక గురువారం తను వెళ్ళాక తల తిప్పి చూస్తే వాడి తాడు మీద కొత్త అట్ట. రొదీయా. కింద చిన్న అక్షరాలతో, విసి గారి అమ్మ, సమోరా. మా అత్తగారిని వాడు చూడనైనా లేదు. ఆవిడ పోయి ఎన్నాళ్ళో అయింది. ఆవిడ సంతలో నా పక్కవాడి తాడు మీద వేలాడుతోంది.

ఇంటికొచ్చాను. వంటింట్లో పొయ్యి పక్కన నీలం గీతల గుడ్డ ఒకటి కొత్తది తగిలించి ఉంది. నీలం గీతల సరుకు నేను తేను. విసి దుంపలు చెక్కు తీస్తోంది.

"ఇదెక్కడిది?" అన్నాను.

"కొన్నాను."

"గుడ్డలమ్మేవాడి పెళ్ళానివి, పక్క బల్ల దగ్గర గుడ్డ కొంటావా? ఊరు నవ్వదూ?"

"నీ దగ్గర రొదీయాలు లేవుగా."

"అది కూడా అదే గుడ్డ విసి. గీతే తేడా."

"తెలుసు." కత్తి ఆపలేదు. "మా అమ్మ దీన్ని ఏమనేదని అడిగాడు. చెప్పాను. ఎక్కడ తగిలించేదని అడిగాడు. పొయ్యి పక్కన మేకుకని చెప్పాను. చెప్పాక ఇంటికి రాబుద్ధి కాలేదు కాసేపు. నువ్వెప్పుడైనా అడిగావా?"

"అడగడానికి అందులో ఏముంది?"

"ఏం లేదులే."

"వాడితో ఇంకేం మాట్లాడావు?"

అప్పుడు కత్తి కింద పెట్టి నా వైపు చూసింది. "మాటలే మాట్లాడాను ఎవరిస్తో. ఆ మనిషి దగ్గర మాటలు తప్ప ఏమున్నాయి?"

ఇంకేదైనా ఉందని చెప్పినా ఓర్చుకునేవాణ్ణేమో. ఊళ్ళో జరగని సంగతా, నాలుగు తన్ని నాలుగు తిని ఊరుకునేవాళ్ళం. మాటలంట. నేను బడి మానేసినప్పుడు నాకు దొరకనివి ఏవైతే ఉన్నాయో అవే వాడు అట్టముక్కల మీద రాసి మా ఇంటిదాకా పంపాడు. ఆ గుడ్డ పొయ్యి పక్కనుంచి తీసి పారేద్దామని చెయ్యెత్తాను. విసి చూస్తోంది. దించేశాను.

మా సంతలో ఒక పద్ధతుంది. కొట్టుకోవచ్చు, తిట్టుకోవచ్చు, టేపు మాత్రం, అంటే పురపాలకం కొలతల వాళ్ళని, పిలవకూడదు. చోట్లు పంచినప్పుడు పురపాలకం వాళ్ళు రాళ్ళ సందుల్లో ఇనుప మేకులు కొట్టి హద్దులు పెట్టారు. ఆ మేకులు మట్టిలో కలిసి చాలా కాలమైంది. ఆ తర్వాత ఎవరికి ఎండ పడుతుంది, ఎవరి కిందకి మురుగు వస్తుంది, ఎవరికి పిల్లలు ఎక్కువ, ఇవన్నీ చూసుకుని జానెడు ఇక్కడ ఇచ్చి జానెడు అక్కడ తీసుకుని సర్దుకున్నారు. తగువొస్తే ఓనోఫ్రే పీపాల దగ్గర ఒక గ్లాసు వైన్ తాగి తేల్చుకుంటారు. టేపు పిలిచినవాడిని సంత ఎన్నటికీ మర్చిపోదు.

నేను పురపాలకానికి వెళ్తున్నానని తెలిసి ఓనోఫ్రే దుకాణం వదిలేసి నా వెనక పడ్డాడు.

"ఒరే, వాడి అట్టలు చింపు, వాడి బల్ల తన్ను. ఇద్దరూ కొట్టుకోండి, మేమొచ్చి విడదీస్తాం. టేపు పిలవకురా."

"వాడి తాడు నా చోటు మీదికి వచ్చింది. వాడి ఆడవాళ్ళు నా బల్లకి అడ్డం నిలబడుతున్నారు."

"ఆడవాళ్ళని టేపు పెట్టి కొలుస్తారట్రా?"

చెయ్యి విదిలించుకుని వెళ్ళి ఫిర్యాదు ఇచ్చాను. హద్దు దాటాడని రాయించాను.

కొలతల వాళ్ళు వచ్చిన రోజు తూర్పుగాలి విపరీతంగా వీస్తోంది. నేను గడ్డం గీసుకుని ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. వరసంతా కేకలు మానేసింది. పురపాలకం కుర్రాడు ఒకడు, పక్కన ఒక పోలీసు. ఇదిగో ఇక్కడ కొలవండి అని లిసాండ్రో తాడు చూపించాను. కుర్రాడు తల అడ్డంగా ఊపి, లెక్క ఫౌంటెన్ దగ్గరే మొదలుపెట్టాలి, మీది ఒకటో నంబరు కదా అన్నాడు. టేపు చివర ఫౌంటెన్ రాయికి ఆనించి లాక్కుంటూ వచ్చి, నా బల్ల కిందకి వంగాడు.

"ఈ కాలి కింద గుడ్డేమిటి?"

"బల్ల ఊగకుండా" అన్నాను. మా నాన్న ఎప్పుడూ నడిమి కాలి కింద ఒక అల్హొఫీఫా మడత పెట్టేవాడు, నేనూ పెడతాను. అది మా బల్లకి అలవాటు.

కుర్రాడు బల్ల కాస్త ఎత్తించి ఆ మడత లాగేశాడు. కింద రాళ్ళ సందులో మేకు. మట్టి లేదు, తుప్పు లేదు. అన్నేళ్ళు గుడ్డ కింద దాచిపెట్టినట్టు శుభ్రంగా మెరుస్తోంది. నా బల్ల దాని అవతల ఇంకా బోలెడంత దూరం పోయి ఉంది. మేకు అవతలిదంతా రెండో నంబరు అన్నాడు కుర్రాడు. అంటే చెప్పుల ముసలావిడది. అంటే లిసాండ్రోది. ముసలావిడకి ఉన్న నాలుగు జతలకి అంత చోటు అక్కర్లేక నోరెత్తలేదు కాబోలు. మా నాన్నకి తెలుసో తెలియదో పోయినవాణ్ణి ఎవరడుగుతారు. తెలిసే పెట్టాడని ఓనోఫ్రే అంటాడు. నేను మాత్రం బల్ల ఊగేదనే అంటాను.

లిసాండ్రో ముందుకొచ్చాడు. "సార్, నాకు ఉన్నది సరిపోతోంది. అలాగే ఉండనివ్వండి."

"కొలవమని అడిగింది ఆయనే కదా" అన్నాడు కుర్రాడు. "కొలిచాక వదిలెయ్యడానికి నాకు వీల్లేదు."

"మేకు సంగతి నాకు తెలుసు ఎవరిస్తో అన్నా" అన్నాడు వాడు, నాకు మాత్రమే వినబడేలా. "వచ్చిన రోజే, మీరు బల్ల వేసుకుంటుంటే చూశాను. మీరు కాఫీ ఇచ్చారు, ఇంకేం మాట్లాడతాం అనుకున్నాను."

దాన్ని వాడి మంచితనం అంటారు మా సంతలో. నేననను. తెలిసి, ఇన్నాళ్ళూ నా పక్కన నోరు మూసుకుని, నా కేకలు వింటూ, వీడు నా చోటులో నిలబడి అరుస్తున్నాడు పాపం అనుకుంటూ ఉన్నాడంటే, దొంగతనం చేసినవాణ్ణి క్షమించొచ్చు, అలాంటివాణ్ణి క్షమించలేం. నా చోటు నాకు వాడు భిక్ష వేశాడట. నేను భిక్షలో నిలబడి వాడిని చూసి కుళ్ళుకున్నానట.

టేపు నా దగ్గర ఆగలేదు. రాసుకున్నాక వరసంతా కొలిచారు. ఓనోఫ్రే పీపాలు నీడలోంచి ఎండలోకి జరిగాయి. బిస్కెట్లావిడకి మురుగు వాటా వచ్చింది. ఎవరికి లాభం వచ్చిందో వాళ్ళు వాడికి చెయ్యి ఊపుతారు, ఎవరికి నష్టం వచ్చిందో వాళ్ళు నా వైపు ఉమ్ముతారు. ఓనోఫ్రే పీపాల దగ్గర నాకు గ్లాసు పొయ్యడం మానేశారు.

మా నాన్న బల్ల మేకు ఇవతల పట్టలేదు, కొయ్యాల్సి వచ్చింది. రంపం నేను పట్టుకున్నాను, అవతలి కొస విసి పట్టుకుంది. అయిపోయాక ఆ తెగిన ముక్క ఏం చేస్తావంది. పొయ్యిలో పెడతానన్నాను. వద్దు, లిసాండ్రోకి బల్ల చాలదు, అడుగుతాను అంది. అడిగింది కూడా.

ఇప్పుడు వాడి బల్ల చివర మా నాన్న చెక్క ఉంది. తాడు అక్కడిదాకా వచ్చింది, అట్టలు ఇంకా పెరిగాయి. విసి గురువారాలు మధ్యాహ్నం ఆమ్లెట్ తెచ్చి నాకిచ్చి, రెండడుగులు పక్కకి వేసి ఆ చెక్క దగ్గర నిలబడి ఆడవాళ్ళకి గుడ్డలు మడతపెట్టి ఇస్తుంది. నేను నా ముక్క బల్ల వెనకనుంచి అరుస్తాను. సరుకు పరవడానికి చోటు చాలక నేలగుడ్డలు మూటలోనే ఉంటాయి. కొలతల కుర్రాడి లెక్క నేను నమ్మలేదు, నా సొంత టేపు కొనుక్కుని మళ్ళీ కొలిచాను. ఫౌంటెన్ రాయినుంచి మేకుదాకా నాకు మిగిలింది పోను, లిసాండ్రో పెరోటి దగ్గర నాది పోయింది రెండు మీటర్ల ముప్ఫై అయిదు సెంటీమీటర్లు.